ఓడిపోయిన విలన్‌ని హీరో ఎందుకు వదిలేయాలి? చదివేవాళ్ళు నమ్మేలా రాయడం ఎలా?

కడప, అనంతపురం, కర్నూలు నుంచి కథలు రాసే పిల్లలు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. "కథంతా బాగుందంటున్నారన్నా, చివర్లో హీరో విలన్ని చంపకుండా వదిలేసే చోట మాత్రం నమ్మబుద్ధి కావట్లేదంటున్నారు, ఏం చెయ్యాల?" ఒక్కొక్కరికి విడిగా చెప్తూ పోతే సగం చెప్పి సగం మర్చిపోతున్నా, అందుకే మొత్తం ఒక్కచోట వరసగా పెడుతున్నా.

అన్నిటికంటే ముందు ఒక్క విషయం, మిగతాదంతా దీని మీదే నిలబడుతుంది. విలన్ మారిపోయాడు కాబట్టి హీరో వదిలేశాడు అని రాస్తే కథ కూలిపోతుంది. వాణ్ణి చంపితే తన దగ్గరున్నది ఏదో పోతుంది, దాన్ని పోగొట్టుకోవడం హీరోకి ఇష్టం లేదు, అందుకే వదిలేశాడు. కారణం హీరో లోపల ఉండాలి. విలన్ చివరిదాకా వెధవగానే ఉన్నా ఆ కారణం నిలబడాలి.

అర్థం కావడానికి ఒక కథ అనుకుందాం, చివరిదాకా దాన్నే వాడతా. జమ్మలమడుగు దగ్గర ఒక పల్లె, నాపరాయి గనులు. హీరో ఓబులేసు గనిలో బండలు తీసే కూలి. విలన్ సుంకన్న, గని నడిపే కాంట్రాక్టరు. ఓబులేసు తమ్ముడు శీను కూలి డబ్బుల కోసం నలుగురిని కూడగట్టాడని సుంకన్న వాణ్ణి చంపించి, బండ మీద పడి పోయాడని కట్టుకథ అల్లించాడు. మస్తాన్ అనే అతను శీనుకి ప్రాణ స్నేహితుడు. ఆఖరి సీనులో వానకి నీళ్ళు నిండుతున్న పాత గని గుంతలో సుంకన్న కాలు బండ కింద ఇరుక్కుపోతుంది. ఓబులేసు చేతిలో గునపం ఉంది. ఇప్పుడేం చేస్తాడు?

1. రాయడానికి ముందు: ఈ కథకి దయ కావాలా వద్దా తేల్చుకోండి

అన్ని కథలకీ ఇది కుదరదు. కాగితం తీసుకుని ఈ నాలుగింటికి ఒక్కో వాక్యంలో జవాబు రాయండి. వాక్యం దాటిందంటే మీకే ఇంకా స్పష్టత రాలేదని లెక్క.

- విలన్ హీరోకి చేసిన నష్టం ఏంటి?
- ఇప్పుడు వాణ్ణి చంపితే హీరోకి ఏం పోతుంది?
- వదిలేస్తే హీరోకి ఏం పోతుంది?
- వదిలేయడం వల్ల హీరో కంటే ఎక్కువ బాధపడేది ఎవరు?

రెండో ప్రశ్నకి "ఏమీ పోదు" అనే జవాబు వస్తే ఆ కథలో దయ పెట్టొద్దు, ఎంత బాగా రాసినా అతికించినట్టే ఉంటుంది. "జైలుకి పోతాడు" అనే జవాబు వస్తే అది భయం అవుతుంది, దయ అవ్వదు. భయం మీద కూడా మంచి కథ రాయొచ్చు గానీ దాన్ని దయ అని చూపించకండి.

నాలుగో ప్రశ్న దగ్గర ఎక్కువమంది ఆగరు, ఆగాలి. విలన్ చేసిన దుర్మార్గం హీరో మీద కాకుండా ఒక ఆడపిల్ల మీద, ఒక పసిబిడ్డ మీద అయితే, వదిలేసే హక్కు హీరోకి ఎక్కడిది? వాళ్ళ తరపున ఈయన పెద్దమనసు చూపిస్తే చదివేవాళ్ళకి హీరో మీదే కోపం వస్తుంది, రావాలి కూడా. అలాంటి కథలో నిర్ణయం నష్టపోయిన మనిషి చేతికే ఇవ్వండి. భాగవతంలో అశ్వత్థామని కట్టి తెచ్చిన అర్జునుడు అక్కడికక్కడే తేల్చలేదు, తీసుకొచ్చి ద్రౌపది ముందు నిలబెట్టాడు. చచ్చిపోయింది ఆమె పిల్లలు. మాట ఆమెదే.

2. కారణం వెతకండి, ఒక్కటే పట్టుకోండి

ఇక్కడ తొందరపడొద్దు. నేనైతే కథ మొత్తానికి పెట్టే టైంలో పావువంతు దీనికే పెట్టమంటా. హీరో వదిలేయడానికి మన పురాణాల్లోనే దొరికే కారణాలు చాలా ఉన్నాయి, ఒక్కోటి ఒక్కో రకంగా పనిచేస్తుంది.

మొదటిది, విలన్ వెనకాల ఉన్న మనిషి. అరణ్యపర్వంలో సైంధవుడు ద్రౌపదిని ఎత్తుకుపోతే పాండవులు వెంటపడి పట్టుకున్నారు. చంపొద్దని ధర్మరాజు అన్నది సైంధవుడి మొహం చూసి కాదు, వాడి భార్య దుస్సల తమ చెల్లెలు, గాంధారి బాధపడుతుంది, అదీ లెక్క. అశ్వత్థామ విషయంలోనూ అంతే, వీడి తల్లి కూడా నాలాగే ఏడవకూడదు అంది ద్రౌపది. మన ఊళ్ళలో పెట్టే కథలకి ఈ కారణం బాగా అతుకుతుంది, ఎందుకంటే పల్లెలో శత్రువు కూడా ఎవరికో ఒకరికి బావో, మామో, చిన్నాయనో అయ్యుంటాడు. వాడింట్లో ఏ గదిలో ఎవరు పడుకుంటారో హీరోకి తెలుసు. వాడి అమ్మ పెట్టిన సంగటి చిన్నప్పుడు తిన్నాడు.

రెండోది, హీరో పెట్టుకున్న నియమం. రామాయణంలో మొదటిసారి ఎదురుపడినప్పుడు రావణుడి విల్లు విరిగింది, కిరీటం పడింది, అప్పుడు రాముడు అలసిపోయావు, పోయి రథమెక్కి మళ్ళీ రమ్మని పంపేశాడు. ఇక్కడ రావణుడి మీద జాలేమీ లేదు. ఆయుధం లేనివాణ్ణి కొట్టకూడదన్నది రాముడి పద్ధతి. ఈ కారణం వాడాలంటే ఆ నియమం వల్ల హీరో అంతకు ముందే ఒకసారి నష్టపోయినట్టు చూపించాలి, లేకపోతే ఆఖర్న అవసరానికి పుట్టిన నియమం అనిపిస్తుంది.

మూడోది, తను వాడిలా అయిపోతానన్న ఎరుక. దీన్ని అందరూ వాడి అరగదీశారు, "నిన్ను చంపితే నీకూ నాకూ తేడా ఏముంది" అనే డైలాగుతో సహా. ఆ డైలాగు లేకుండా రాయగలిగితే వాడండి. ఓబులేసు గునపం ఎత్తిన చెయ్యి, తన తమ్ముడి మీద సమ్మెట ఎత్తినవాడి చెయ్యి ఒకేలా ఉన్నాయని హీరోకి తట్టాలంటే, ఆ మొదటి చెయ్యి ఎలా ఎత్తారో ముందు సీనులో దగ్గరగా చూపించి ఉండాలి.

నాలుగోది, పగ పిల్లలదాకా పోకూడదనుకోవడం. ఫ్యాక్షన్ కథ రాసేవాళ్ళు అందరూ ముందు ఇదే పట్టుకుంటారు. నిజమైన కారణమే, మన నేల మీద చూసిన కారణమే. కాకపోతే గుమ్మం చాటున నిలబడి చూసే పసిపిల్లాణ్ణి పెట్టగానే పని అయిపోయిందనుకోవద్దు. ఆ పిల్లాడికి పేరు, ఒక అలవాటు, హీరోతో కనీసం ఒక మాట ముందే ఉండాలి.

ఐదోది, అవసరం. విలన్ బతికుంటేనే నిజం బయటికొస్తుంది, ఇంకా పెద్దవాడు దొరుకుతాడు. ఇది లెక్క కిందికే వస్తుంది, దయ పక్కన తోడుగా పెట్టుకోవచ్చు. ఒక్కటే పెడితే గుండెకి తగలదు.

వీటిలో ఒకటి అసలు కారణం, కావాలంటే ఇంకోటి తోడు. మూడు నాలుగు కలిపారంటే దేనికీ బరువు ఉండదు. మన కథకి మొదటిది తీసుకుందాం: సుంకన్న వాళ్ళమ్మ.

3. ఆ కారణాన్ని మూడు చోట్ల ముందే నాటండి

క్లైమాక్సులో హీరోకి కొత్తగా ఏదీ గుర్తుకు రాకూడదు. చదివేవాళ్ళకి తెలిసిందే గుర్తుకు రావాలి.

మొదటి చోటు, కథ మొదట్లో, పగతో సంబంధం లేనట్టుగా. శీను పోయిన తర్వాత కూడా వాళ్ళమ్మ రాత్రిళ్ళు వాకిలి తలుపు గడియ పెట్టదు. వాడు గని నుంచి ఎప్పుడూ పొద్దుపోయాకే వచ్చేవాడు, తలుపు కొడితే వాళ్ళ నాయన తిడతాడని ఆమె గడియ తీసే ఉంచేది. ఇప్పుడూ అంతే. కుక్కలు లోపలికొచ్చి గిన్నెలు దొర్లించినా గడియ పెట్టదు. ఇంతే రాయండి. "ఆమె ఇంకా ఎదురుచూస్తోంది" అని విడమర్చి చెప్పొద్దు.

రెండో చోటు, మధ్యలో, కోపంతో కలిపి. ఓబులేసు ఒక రాత్రి లేచి తనే గడియ పెడతాడు. తెల్లారి చూస్తే తీసుంటుంది. ఆ రోజే పోయి కొడవలికి పదును పెట్టించుకొస్తాడు. చదివేవాళ్ళకి అప్పుడు గడియ అంటే పగ. అలాగే అనుకోనివ్వండి, మంచిదే, చివర్లో అదే వస్తువు రెండో వైపుకి తిరుగుతుంది.

మూడో చోటు, క్లైమాక్సుకి కాస్త ముందు, విలన్ వైపు నుంచి, ఒకటి రెండు వాక్యాల్లో. సుంకన్న తల్లి ముసలామె, కళ్ళు సరిగా కనపడవు, కొడుకు జీపు చప్పుడు వింటేనే గాని అన్నం ముట్టదు. ఓబులేసు ఆమెని "అవ్వా" అంటాడు. శత్రువు ఇంటి ముందు నుంచి పోతూ కూడా ఆమె పిలిస్తే పలుకుతాడు. అంతకంటే ఎక్కువ రాస్తే ఆఖర్న ఏం జరగబోతుందో ముందే తెలిసిపోతుంది.

సరిచూసుకోండి:
- ఈ మూడు చోట్లా ఒకే వస్తువో, ఒకే అలవాటో ఉందా?
- మొదటి చోటు తీసేస్తే క్లైమాక్సు అర్థం కాకుండా పోతుందా? పోవాలి.
- మూడింటిలో ఎక్కడైనా "క్షమ", "దయ", "జాలి" అనే మాటలు పడ్డాయా? కొట్టేయండి.

4. విలన్ పూర్తిగా ఓడిపోవాలి

దయకి అర్థం వచ్చేది హీరో చంపగలిగినప్పుడే. విలన్ చేతిలో ఇంకా తుపాకీ ఉంటే, పోలీసు జీపు సైరన్ వినపడుతుంటే, ఊరంతా చుట్టూ నిలబడి చూస్తుంటే, హీరో ఆగడానికి బయట కారణాలు దొరికేస్తాయి. ఆ దారులన్నీ మూసేయండి. వాన, పాడుబడ్డ గని, చుట్టుపక్కల మస్తాన్ తప్ప ఎవరూ లేరు, చంపినా ప్రమాదం కింద పోతుంది. శీను విషయంలో కట్టిన కట్టుకథే ఇప్పుడు హీరోకి ఉచితంగా దొరుకుతోంది. ఇంత సులువుగా ఉన్నప్పుడు ఆగాడంటేనే అది అతని నిర్ణయం.

ఇంకో జాగ్రత్త, లోయ అంచున వేలాడే విలన్. గండికోట చూసొచ్చిన ప్రతివాళ్ళూ పెన్నా లోయ అంచున ఒక సీను పెట్టుకుంటారు. అక్కడ పడిపోకుండా చెయ్యందించడం కాపాడటం అవుతుంది. చంపగలిగీ చంపకపోవడం వేరు. మీ కథకి ఏది కావాలో ముందే అనుకోండి. మన కథలో రెండూ ఉన్నాయి, ఓబులేసు ఏమీ చెయ్యకుండా ఊరికే నిలబడినా చాలు, నీళ్ళే చంపేస్తాయి, కాబట్టి వదిలేయాలంటే ఒళ్ళు వంచి బండ లేపాలి. దయ చూపించడానికి హీరో కష్టపడాల్సొచ్చేలా సీను కట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

5. చంపమనేవాళ్ళ పక్షాన గట్టిగా నిలబడే మనిషిని పెట్టండి

సైంధవుడి దగ్గరైనా అశ్వత్థామ దగ్గరైనా చంపాల్సిందే అనే గొంతు భీముడిది. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. మీ కథలో భీముడు ఎవరు? మన కథలో మస్తాన్. ఇతన్ని ఆవేశపరుడిగా, తెలివి తక్కువవాడిగా చూపిస్తే హీరో మంచితనం తేలిగ్గా గెలిచేస్తుంది, గెలిచినా విలువుండదు. మస్తాన్ మాటలు చదివినప్పుడు పాఠకుడు "వీడు చెప్పిందే కరెక్టు" అనుకోవాలి. "వాడు లేస్తే రేపు ఇంకో శీనుని చంపుతాడన్నా, అప్పుడు ఆ రక్తం ఎవరి చేతికి అంటుతుంది?" దీనికి ఓబులేసు దగ్గర జవాబు ఉండకూడదు. కథ అయిపోయేదాకా కూడా ఉండకూడదు.

6. సీను రాసే వరస

ఈ వరస మార్చొచ్చు గానీ ముందు ఒకసారి ఇలాగే రాసి చూడండి.

1. ముందు జాగా: ఎవరు ఎక్కడున్నారు, చేతుల్లో ఏముంది, ఎంత టైం ఉంది.
2. హీరో చంపడానికే సిద్ధపడ్డాడు. చెయ్యి లేచింది. ఇందులో నటన లేదు.
3. విలన్ ఒక మాట అంటాడు. అది బతిమాలడం కాకూడదు. ఆ మాట నాటిన కారణాన్ని తగలాలి, తగిలిన సంగతి విలన్‌కి తెలియకూడదు.
4. హీరో ఆగుతాడు. లోపలి ఆలోచన రాయొద్దు. ఒంటికి ఏం జరిగిందో రాయండి.
5. హీరో ఒక పని చేస్తాడు. చిన్నది, కంటికి కనపడేది.
6. మాట, ఉంటే, అన్నిటికంటే చివర. ఒక్కటే.

ఇలా రావచ్చు:

*నీళ్ళు సుంకన్న నడుముదాకా వచ్చినాయి. కుడికాలు మోకాటిదాకా బండ కింద ఉంది. రెండుసార్లు లాగి చూసుకున్నాడు, మూడోసారి లాగలేదు.*

*"రేయ్ సుంకా, మా శీనుగాడు కూడా ఇట్లనే చూసినాడా నీ తట్టు?"*

*సుంకన్న పలకలేదు. ఓబులేసు గునపం రెండు చేతుల్తో ఎత్తినాడు. వాన నీళ్ళు ఇనుము మీద నుంచి మోచేతుల్లోకి దిగుతున్నాయి.*

*"ఇంటికాడ చెప్పొద్దురా ఓబులేసూ," అన్నాడు సుంకన్న. గొంతు పైకి రావడంలా. "ఊరికి పోయినాడని చెప్పు. మాయమ్మ గడియ పెట్టదు రాత్రికి."*

*ఓబులేసు వేళ్ళు గునపం మీద సడలినాయి, మళ్ళీ బిగిసినాయి. పైన మస్తాన్ ఏందో అరుస్తున్నాడు. గునపం కిందికి దిగింది, నీళ్ళ లోపలికి, బండ అంచు వెతుక్కుంటా పోయింది. చిన్న రాయి ఒకటి కాలితో జరిపి దాని కింద ఒత్తు పెట్టినాడు. ఒళ్ళంతా వేసి నొక్కినాడు.*

*"కాలు తియ్ మామా."*

ఇందులో చూడాల్సింది ఆ పిలుపు. పైన "రేయ్ సుంకా" అన్నవాడు కింద "మామా" అన్నాడు. ఊళ్ళో పుట్టినప్పటినుంచి పిలిచిన వరస అది, తమ్ముడు పోయినప్పటినుంచి నోట్లోంచి రాలేదు. క్షమించానని హీరో ఎక్కడా అనలేదు, అసలు క్షమించాడో లేదో నాకూ తెలియాల్సిన అవసరం లేదు, బతకనిచ్చాడు, అంతవరకే. మన పల్లెల్లో మనిషికీ మనిషికీ మధ్య దూరం ఎంతో పిలుపులోనే తెలిసిపోతుంది, దాన్ని వదిలిపెట్టి పేజీలకి పేజీలు డైలాగులు రాయడం ఎందుకు?

విలన్ మాట కూడా గమనించండి. సుంకన్న బతుకు అడగలేదు, తప్పు ఒప్పుకోలేదు, మంచోడైపోలేదు. వాళ్ళమ్మకి ఏం చెప్పాలో చెప్పాడు, అంతే. ఓబులేసు వాళ్ళింట్లో గడియ సంగతి అతనికి తెలీదు.

7. దయకి ధర కట్టండి

వదిలేశాక కథ వెంటనే ఆపేయడం ఎక్కువమంది చేసే పని. ఆ పని ఎవరి మీద ఎలా పడిందో కనీసం ఒక్క సీనైనా రాయండి.

సైంధవుణ్ణే చూడండి. భీముడు గుండు కొట్టి అయిదు పిలకలు మిగిల్చి వదిలేశాడు. ఆ అవమానంతో వాడు శివుడి కోసం తపస్సు చేసి, అర్జునుడు తప్ప మిగతా పాండవుల్ని ఒక్కరోజు అడ్డుకునే వరం తెచ్చుకున్నాడు. యుద్ధంలో పదమూడో రోజు పద్మవ్యూహం దగ్గర ఆ వరమే పనికొచ్చింది, అభిమన్యుడి వెనక ఎవరూ లోపలికి పోలేకపోయారు. ధర్మరాజు ఆ రోజు అడవిలో చూపించిన దయకి ధర అభిమన్యుడు. అయినా ధర్మరాజు చేసింది తప్పని భారతం తేల్చి చెప్పదు. మీరూ తేల్చొద్దు.

రుక్మిణి అన్న రుక్మి సంగతి ఇంకో రకం. కృష్ణుడు జుట్టూ మీసాలూ గొరిగి వదిలేస్తే, గెలవకుండా కుండినపురానికి తిరిగిరానని శపథం చేసి వచ్చినవాడు కాబట్టి మళ్ళీ ఊరి మొహం చూడలేక భోజకటంలో ఉండిపోయాడు. ఓడి బతికినవాడు ఊళ్ళో ఎలా తిరుగుతాడు, హోటల్లో ఉగ్గాని తినడానికి కూర్చుంటే పక్కనోళ్ళు ఎలా చూస్తారు, ఎవరు లేచిపోతారు అనేది రాయడానికి ఎంతో ఉంది.

మన కథలో ధర మూడు వైపుల నుంచి రావాలి. మస్తాన్ మాట్లాడ్డం మానేస్తాడు, ఆ మౌనం కథ చివరిదాకా విడిపోదు. సుంకన్న కుంటుకుంటూ మళ్ళీ గనికి వస్తాడు, థ్యాంక్స్ చెప్పడు. అన్నిటికంటే గట్టిగా తగలాల్సింది అమ్మ దగ్గర. ఓబులేసు తడిసిన బట్టలతో ఇంటికొచ్చి జరిగింది చెప్తే ఆమె అడిగేది ఒకటే: "వదిలిపెట్టేముందు నన్నడిగినావా?" ఇక్కడ మొదటి మెట్టులోని నాలుగో ప్రశ్న తిరిగొస్తుంది. తన అమ్మ పడ్డ బాధ చూసే వదిలేశాననుకుంటున్నాడు హీరో. కానీ ఆమె కోరుకున్నది అది కాకపోవచ్చు.

ఈ కాలంలో జరిగే కథ అయితే చట్టం కూడా ఒక ధరే, దాన్ని సరిగ్గా రాయండి. హీరో వదిలేశాడని కేసు ఆగిపోదు, హత్య కేసు నడిపేది ప్రభుత్వం. హత్య, హత్యాయత్నం రాజీకి వీలున్న నేరాల జాబితాలో లేవు, కాబట్టి పెద్దమనుషులు రచ్చబండ దగ్గర కూర్చుని కేసు ముగించేశారని రాయకండి. బయట రాజీ పడి కోర్టులో సాక్షులు మాట మార్చారని రాస్తే అది వేరే కథ, నమ్మదగ్గ కథ. 2024 జూలై 1 నుంచి పాత ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది, అంటే ఆ తేదీ తర్వాత జరిగిన హత్యకి "302 కింద కేసు" అని రాస్తే తప్పు, ఇప్పుడది 103. ఆత్మరక్షణ హక్కు కూడా ప్రమాదం ఉన్నంతసేపే, ఆయుధం పోయి కాలు ఇరుక్కున్న మనిషిని పొడిస్తే అది ఆత్మరక్షణ కిందికి రాదు.

8. ఎక్కువగా కనిపించే పొరపాట్లు, సవరణలు

హీరో వదిలేసి వెనక్కి తిరగ్గానే విలన్ కత్తి విసురుతాడు, హీరో తప్పక చంపుతాడు. ఇలా రాస్తే హీరోకి మంచిపేరూ దక్కింది, పగా తీరింది, ఖర్చేమీ కాలేదు. విలన్ని బతకనివ్వండి. కాలు జారి లోయలో పడటం, సొంత మనిషే కాల్చేయడం, పిడుగు పడటం, ఇవన్నీ ఆ మోసమే. బతికించడం ఇష్టం లేకపోతే హీరో చేతే చంపించండి, అది ఇంకా నిజాయితీగా ఉంటుంది.

హీరో అంతకుముందే విలన్ మనుషుల్ని ముప్పై మందిని నరికి పారేసి, ఆఖర్న విలన్ దగ్గర మాత్రం చెయ్యి ఆపుతాడు. ఆ ముప్పై మందికి అమ్మలు లేరా? కూలికి వచ్చినోడికి చావు, కాంట్రాక్టరుకి క్షమ. మీరు అనుకోకపోయినా కథ ఆ మాటే చెప్తుంది, పల్లెలో చదివేవాళ్ళు దాన్ని వెంటనే పట్టేస్తారు. కిందివాళ్ళ చావులు తీసేయండి, లేదా వాటి బరువు హీరో మోస్తున్నట్టు ముందే చూపించండి.

క్లైమాక్సు మధ్యలో విలన్ చిన్నప్పటి కష్టాల ఫ్లాష్‌బ్యాక్. తీసేయండి. నిజంగా అవసరమైతే కథ మొదటి సగంలోకి జరపండి.

హీరో ఉపన్యాసం. పైన రాసిన వరసలో ఆరో మెట్టు చూడండి, ఒక్క మాట. రెండో మాట రాయాలనిపిస్తే అది మీకు సీను మీద నమ్మకం లేక.

విలన్ మాత్రం సీమ యాసలో మాట్లాడతాడు, అదే ఊళ్ళో పుట్టిన హీరో మాత్రం పుస్తకం భాషలో మాట్లాడతాడు. దీన్ని చూసినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. మన యాస క్రూరత్వానికి గుర్తు కాదు. దయ చూపించే మాట కూడా ఆ యాసలోనే రావాలి, "కాలు తియ్ మామా" అన్నట్టు. ఇద్దరికీ ఒకే భాష ఇవ్వండి. జిల్లా జిల్లాకీ తేడా ఉంటుంది, కడప మాట కర్నూలు మనిషి నోట్లో పెట్టకండి, అనుమానమొస్తే ఆ ఊరివాళ్ళకి చదివి వినిపించండి.

విలన్ చివర్లో హీరో కాళ్ళ మీద పడతాడు. అవసరం లేదు. వాడి అహంకారం వాడికి ఉండనివ్వండి.

9. పంపే ముందు

- రెండో పేజీ నుంచి క్లైమాక్సు దాకా హీరోకి చంపాలనే ఉందా? మధ్యలో ఎక్కడైనా మెత్తబడితే ఆ వాక్యాలు వెతికి తీసేయండి.
- విలన్ మాటని వేరే ఏ విలన్ అయినా అనగలడా? అనగలిగితే ఆ మాట మార్చండి.
- హీరో ఆగిన చోట వాక్యాలు చిన్నవైపోయి ఒక్కో ముక్కా ఒక్కో లైనులో పడ్డాయా? సినిమాల నుంచి వచ్చిన అలవాటు అది. మామూలుగా రాయండి.
- సమ్మెట, గునపం, ఒత్తు లాంటి పనిముట్లూ పనులూ ఆ పని చేసేవాళ్ళు చేసినట్టే ఉన్నాయా? ఎర్రగుంట్ల వైపో, బేతంచెర్ల వైపో ఒకసారి పోయి బండ ఎలా లేపుతారో చూసి రండి, కథలో ఒక్క వాక్యమే పడినా సరే.
- దయ వల్ల నష్టపోయిన మనిషికి కథలో ఆఖరుసారి మాట్లాడే అవకాశం ఇచ్చారా?

చివరగా, కథని మొదట ఎవరికి చదివిస్తారన్నది కూడా చూసుకోండి. మస్తాన్ లాంటి మనిషికివ్వండి, పగ తీర్చుకోవడమే న్యాయం అని గట్టిగా నమ్మే మనిషికి. "నేనైతే చంపేసేవాణ్ణి" అని అతను అంటే కంగారు పడొద్దు. "ఓబులేసు ఎందుకు చంపలేదు?" అని అడగండి. గడియ సంగతి అతనే చెప్తే పంపేయండి. "ఏమో, మంచోడు గదా" అంటే మూడో మెట్టు దగ్గరికి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టండి.